తలూపకుండా పది అంకెలు

తెల్లవారుజామున 5.40కి రాయగడ స్టేషన్ చేరాను. బండి పది నిమిషాలు ఆలస్యం. కొరాపుట్‌కు జనరల్ టిక్కెట్టు తీసుకుని, ఎడమ చెవి బోగీ లోపలి వైపు ఉండేలా కిటికీ దగ్గర కూర్చున్నాను. మునిసిపాలిటీ పంపుహౌసులో ఇరవై రెండేళ్లు మోటార్ల పక్కన పనిచేశాక నాకు మిగిలింది ఆ ఒక్క చెవే, అదీ సగం. అందులో వినికిడి మిషన్, దాని మీద మంకీ క్యాప్.

నా వయసు నలభై తొమ్మిది, చదువు ఏడో తరగతి. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. నిరుడు పాత కాగితాల దుకాణంలో ఒక రష్యన్ లెక్కల పుస్తకం దొరికింది. అంకెలు అర్థమవుతున్నాయి, ఏమి అడుగుతున్నారో తెలియదు. ముప్పై మూడు అక్షరాలూ ఫోన్ చూసి పట్టుకున్నాను గానీ, పలుకు తెలియని మాట నా బుర్రలో నిలవదు. ఫోన్ పాఠాలు చెప్పే ఇద్దరి దగ్గర చేరితే, మళ్లీ మళ్లీ అడుగుతున్నానని ఇద్దరూ మానిపించారు. ఇక మిగిలింది అప్పలస్వామి గారు. ఇంజిన్ల ఫ్యాక్టరీలో రష్యన్ ఇంజినీర్లతో పనిచేసి రిటైరైన ఫిట్టరు, కొరాపుట్ దగ్గర సునాబెడలో కూతురి క్వార్టర్‌లో ఉంటారు. "ఒకసారి రా, సూద్దాం" అని మెసేజ్ పెట్టారు. చెవి సంగతి నేను రాయలేదు.

సొరంగాలు మొదలయ్యాయి. ఆ హోరంతా మిషన్‌లో పడుతుంది. చీకట్లో ఎదుటి సీటులోని పెద్దావిడ ఏదో అడిగింది. పెదవులు కనబడలేదు. తలూపాను. ఏం చేశానో టికిరి దాటి లక్ష్మీపూర్ రోడ్డు స్టేషన్లో ఆగాక తెలిసింది.

"టికిరొస్తే సెప్పు బాబూ, కళ్లజోడు ఇంటికాడొగ్గేసేను అంటే తలూపేవు కదేటి! ఇప్పుడు నానెలగెల్లాల?"

మొహం మీదకు వంగి అరిచింది కాబట్టి ప్రతి మాటా అందింది. మూట ఎత్తుకుని దిగిపోయింది. నేను నోరు తెరిచేలోపే బండి కదిలింది.

10.25కి కొరాపుట్. బస్టాండులో వడలు, బఠాణీల గుగుని కూర తిన్నాను, రుచి గుర్తులేదు. 11.10కి సునాబెడ బస్సు. కొత్తగా వెళ్లేవారు ఎక్కడ దిగాలో కండక్టరును అడగండి, క్వార్టర్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. జవాబు వినాల్సి వస్తుందని నేను అడగలేదు. రెండు స్టాపులు దాటి దిగి, వెనక్కి నడిచాను.

అప్పలస్వామి గారు నన్ను వంటగది గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, అటు తిరిగి టీ పెడుతూ మాట్లాడసాగారు. నేను "అవునండీ" అన్నాను. కాసేపాగి "అలాగేనండీ" అన్నాను. ఆయన స్టవ్ ఆర్పి, నా ముందుకొచ్చి కూర్చున్నారు.

"ఏటడిగేనో సెప్పు."

మంకీ క్యాప్ ఇంకాస్త కిందికి లాక్కున్నాను.

"నీకు సెవుడేటని అడిగేను, అవునన్నావు. ఎన్నాళ్లయిందంటే అలాగేనన్నావు." నవ్వి, తల అటూ ఇటూ తిప్పారు. రెండు చెవుల్లోనూ మిషన్లు. "ఇంజిన్ టెస్టు కాడ ముప్పయ్యేళ్లు. ఆ హోరులో ఎవుడికినబడుతాది? ఆళ్ల మూతి సూసి, పీక మీద సెయ్యెట్టి రష్యా మాట నేర్సేను. మా కాడొకటే నియమం. అందకపోతే సెయ్యెత్తాల. ఇనకుండా తలూపినోడి సేతులు ఇంజిన్లో పోతాయి. ముందా టోపీ తియ్యి."

నా చెయ్యి లాగి తన గొంతు మీద పెట్టుకున్నారు. ఒకటి, రెండు, మూడు: అదీన్. ద్వా. త్రీ. 'ద్వా'కు మొదట్లోనే వేళ్ల కింద గొంతు అదిరింది; 'త్రీ'కి త దగ్గర అదురు లేదు. మూడున్నరకల్లా పది అంకెలు వచ్చాయి. పదిహేడుసార్లు చెయ్యెత్తాను. పదిహేడుసార్లూ మళ్లీ చెప్పారు.

"ఆదివారం రా. తలూపే పనైతే రావొద్దు."

కొరాపుట్‌లో సాయంత్రం 5.50 బండి. గొంతు పట్టుకుని సొరంగాలను రష్యన్‌లో లెక్కపెడుతూ, ఒక్కోదానికీ నోటుబుక్కులో గీత గీస్తున్నాను. అల్లం బస్తాతో ఎక్కిన రైతు ఏదో అడిగాడు. మెడ దానంతటదే వంగబోయింది. ఆపుకుని చెయ్యెత్తాను.

"నాకు వినబడదండి. ఇలా తిరిగి చెప్పండి."

ఆయన లేచి ఎదురుగా కూర్చున్నాడు. "పీకట్టుకుని కూకున్నావు, జొరమేటి?"

"రష్యా లెక్కండి."

"ఓలమ్మా! నాకూ సెప్పు."

ఆయన చెయ్యి నా గొంతు మీద పెట్టుకున్నాను. పక్కవాళ్లు నవ్వారు. టికిరిలో బండి ఆగితే పొద్దుటి పెద్దావిడ కోసం ప్లాట్‌ఫాం అంతా చూశాను. లేదు. ఆ తలూపు నా వెంటే ఉంటుంది.

రాయగడ వచ్చింది. నోటుబుక్కులో గీతలు ఏడు దగ్గర ఆగిపోయి ఉన్నాయి. మిగతా సొరంగాలు ఎప్పుడు దాటామో తెలియలేదు. రైతు బస్తాతో దిగి, జనంలోంచి ఏదో అన్నాడు. చెయ్యెత్తాను. బస్తా దింపి, వెనక్కి వచ్చి, మొహం నా వైపు పెట్టి అడిగాడు.

"అదీన్, ద్వా... ఆ తరవాతేటి?"