మిలట్రోడి బ్రేకులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. మెకానికల్ డిప్లొమా ఫస్టు క్లాసులో పాసై ఇంటికొచ్చి అప్పటికి సరిగ్గా పదిహేను రోజులు. బ్యాచి మొత్తానికి నేనొక్కదాన్నే ఆడపిల్లని కావడంతో లెక్చరర్లు నా డ్రాయింగులు మగపిల్లలకి చూపించి, చూసి సిగ్గుపడమనేవారు. లారీ బ్రేకుల బొమ్మని నాలుగు రంగుల పెన్సిళ్ళతో, బాణం గుర్తులతో సహా కళ్ళు మూసుకుని వేసేదాన్ని. (పానా మాత్రం మూడేళ్ళలో రెండుసార్లు పట్టుకున్నాను. రెండోసారి ఫోటో కోసం.) ఇంట్లో మిక్సీ ఆగిపోతే అది ఏ సూత్రం మీద పనిచేస్తుందో అమ్మకి వివరంగా చెప్పేదాన్నే గాని, మూత విప్పి చూసేదాన్ని కాదు. అమ్మ మొత్తం విని, రోట్లో రుబ్బుకునేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల మీద ముద్దూ జాలీ రెండూ కలుగుతాయి.

మాది నౌపడ దగ్గర పల్లె. మా పెరట్లో రేకుల షెడ్డులో ఒక పాత మిలట్రీ లారీ ఉండేది. సైన్యంవాళ్ళు వాడి వాడి పక్కన పెట్టేసిన బళ్ళని వేలం వేస్తే, నాన్నా మావా (అంటే అమ్మకి తమ్ముడు) కలిసి పాడుకుని తెచ్చారట. పొడుగాటి ముక్కు, పెచ్చులూడిన ఆకుపచ్చ రంగు, కొండ ఎక్కుతున్నప్పుడు ముసలాయన దగ్గులాంటి చప్పుడు. ఊరంతా దాన్ని మిలట్రోడనే పిలిచేది. నాన్న డ్రైవరు, మావ మెకానిక్కు. ఇద్దరూ కలిసి ఉప్పు మళ్ళ నుంచి టెక్కలికి బస్తాలు తోలేవారు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం, నిండా ఉప్పు లోడుతో రైలు గేటు దాటి పల్లంలోకి దిగుతుంటే బ్రేకు పడలేదు. బండి రోడ్డు దిగి, తిన్నగా పోయి, ఎవరిదో గడ్డివాములో దూరి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు, మావ తలలోంచి మూడు రోజులు గడ్డిపరకలు రాలాయంతే. కానీ ఆ గడ్డిలోంచి బయటికొస్తూనే మావ, నువ్వు తొక్కలేదన్నాడు. నువ్వు బాగు చెయ్యలేదన్నాడు నాన్న. ఇరవై ఏళ్ళు బండి తోలినవాణ్ణి బ్రేకు తొక్కలేదనడం, ఇరవై ఏళ్ళు బళ్ళు విప్పినవాణ్ణి బాగు చెయ్యలేదనడం. ఆ ఇద్దరికీ అంతకన్నా పెద్ద తిట్లు లేవు. అక్కడితో మాటలు తెగిపోయాయి. మావ శ్రీకాకుళం వెళ్ళిపోయి అరసవల్లి రోడ్డులో సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. మిలట్రోడు పెరట్లోకి చేరాడు. అలా ఆరేళ్ళు.

ఈ ఆరేళ్ళూ మా ఇంట్లో ఒక తమాషా నడిచేది. నెలకోసారి, నాన్న సంతకెళ్ళిన రోజు చూసుకుని మావ వచ్చేవాడు. ఇంజను స్టార్టు చేసి కాసేపు తిరగనిచ్చి, బండి చుట్టూ ఒకసారి నడిచి, అక్క ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోయేవాడు. ఈ సంగతి నాన్నకి చెప్పనని నా చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు. సాయంత్రం నాన్న వచ్చి, షెడ్డు వైపు చూడకుండా కాళ్ళు కడుక్కునేవాడు. కానీ షెడ్డు మూలనుండే డీజిలు డబ్బా ఆరేళ్ళలో ఒక్కసారైనా ఖాళీగా కనిపించలేదు. (దాన్ని ఎవరు నింపుతున్నారన్న ప్రశ్న నా ఫస్టు క్లాసు బుర్రకి తట్టనే లేదు.) అమ్మకి తట్టింది. అందుకే ఆ ఏడు నాన్న, ఈ బండిని తుక్కు కింద ఇచ్చేద్దామన్నప్పుడు ఆవిడ తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయింది. బండి పోతే తమ్ముడికి ఆ పెరట్లో అడుగుపెట్టే సాకు పోతుంది. భర్తా తమ్ముడూ ఒక వరసలో కూర్చుని భోంచేసే రోజు ఇక రాదని ఆవిడ బెంగ.

సరిగ్గా అప్పుడే హవల్దారు తాత మా ఇంటికొచ్చాడు. మా పక్క పల్లెల్లో సైన్యంలో చేసి వచ్చినవాళ్ళు చాలామందే ఉంటారు, వాళ్ళందరికీ ఆయన పెద్ద. ఆగస్టు పదిహేనుకి పాత సైనికులందరూ యూనిఫారాలు వేసుకుని మిలట్రోడి మీద హైస్కూలుకి వెళ్ళి జెండా ఎగరేస్తామని, ఇక ఏటా అదే పద్ధతని ఆయన ఆశ. నాన్న తల అడ్డంగా ఊపాడు. పండగలోగా బ్రేకు పడితే బండి ఉంటుంది, లేకపోతే మర్నాడే తుక్కువాడికి కబురు పెడతానన్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేను రెండడుగులు ముందుకు వేసి, బ్రేకులు నేను బాగు చేస్తానన్నాను. హవల్దారు తాత లేచి నిలబడి నాకు సెల్యూట్ కొట్టాడు. ఆ సెల్యూట్‌తో నాకు నాలుగు రోజులు నేల మీద కాలు ఆనలేదు.

ఆ నాలుగు రోజులూ చక్రాలు విప్పడానికే పోయాయి. పానాకి ఇనప గొట్టం తగిలించి, దాని మీదెక్కి నేను గెంతితే గాని ఒక్కో నట్టూ కదలలేదు. లోపల అన్నీ తుప్పే. వెనక చక్రాలకి పోయే బ్రేకు పైపు ఒక్కటి మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. నోటుబుక్కులో 'మిలట్రీ నాణ్యత, తుప్పు పట్టదు' అని రాసి, కింద ఎర్ర గీత కూడా గీశాను. చక్రాల దగ్గర బ్రేకు సిలిండర్లలో వేసే రబ్బరు కప్పులు గట్టిపడిపోయి ఉంటే, విజయనగరంలో పాత సామాన్ల కొట్లన్నీ రెండు రోజులు తిరిగి కొత్తవి సాధించాను. వాటికి దుమ్ముందని, శుభ్రతకి పెద్ద పీట వేసి, ఒక గిన్నెడు కిరసనాయిల్లో నానబెట్టి పడుకున్నాను. పొద్దున్నకి అవి ఉబ్బి మినప గారెల్లా తయారయ్యాయి. ఒక్కటీ సిలిండర్లో దూరదు. పండగ ఇంకా మూడు రోజులుంది. చెంపలు వేసుకుని, అరసవల్లి బస్సెక్కాను.

మావ ఆ కప్పుల్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. నవ్వలేదు. (నవ్వి ఉంటే నాకు తేలికగా ఉండేది.) రబ్బరుకి కిరసనాయిలు పడదని, ఆముదం రాయాలని నెమ్మదిగా చెప్పాడు. తన దగ్గరున్న కప్పులు, బ్రేకు ఆయిలు డబ్బాలు సంచిలో వేసుకుని బయల్దేరుతూ ఒకే షరతు పెట్టాడు.

"వస్తాను గాని అమ్మీ, మీ బాబుతో నాను మాటాడను."

ఇంటికొచ్చి చెబితే నాన్నదీ అదే షరతు. నాకు అందులో పెద్ద ఇబ్బందేమీ కనిపించలేదు.

పండగ ముందురోజు ఆదివారం. మధ్యాహ్నానికి అన్నీ బిగించాం. ఇక గాలి తియ్యడం మిగిలింది. బ్రేకు గొట్టాల్లో ఆయిలుతో పాటు గాలి ఉండిపోతే పెడలు మెత్తగా కిందికి పోతుంది, బ్రేకు పడదు. ఆ గాలి తియ్యడానికి ఇద్దరుండాలి. పైనున్న మనిషి పెడలు తొక్కి పట్టుకుంటే, కిందున్న మనిషి చక్రం దగ్గర చిన్న మరను వదులు చేస్తాడు, బుడగలతో ఆయిలు బయటికొస్తుంది. మర బిగించాకే పైనున్నవాళ్ళు కాలు తియ్యాలి. ముందే తీశారంటే పోయిన గాలి మళ్ళీ లోపలికే. ఆ పెడలుని చివరికంటా తొక్కడానికి నా కాలు అందదు కాబట్టి నాన్న సీట్లో కూర్చున్నాడు. మావ చక్రం కింద పడుకున్నాడు. మధ్యలో నేను.

తొక్కమని మీ బాబుకి చెప్పు అంటాడు కిందాయన. నేను ముందుకి పరిగెత్తి చెబుతాను. తొక్కానని మీ మావకి చెప్పు అంటాడు పైనాయన. నేను వెనక్కి పరిగెత్తి చెబుతాను. పట్టుకోమన్న మాట నాతో పాటు బండి ముందుకి చేరేసరికి నాన్న కాలు తీసేసి ఉంటాడు. కింద మర దగ్గర గుర్రుమని గాలి లోపలికి పోతుంది. చూడమ్మా మీ బాబు నిర్వాకం అంటాడు మావ. ఆ మాట మాత్రం ఏ కబురూ అవసరం లేకుండానే నాన్న చెవిన పడుతుంది. రెండు గంటలు ఇలా పరిగెత్తాను. నా గొంతు పోయింది. మూడు డబ్బాల ఆయిల్లో అర డబ్బా మిగిలింది. ఆదివారం కావడంతో కొట్లు లేవు. ఇంక ఒక్క విడతకే సరిపోతుందన్నాడు మావ. పెడలు ఇంకా పెరుగులో కాలు పెట్టినట్టే ఉంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు అమ్మ గుమ్మంలోకొచ్చి నన్ను అన్నానికి పిలిచింది. ఇప్పుడెలా వస్తానన్నాను. రమ్మంటే రా అంది. నేను లోపలికి వెళ్ళగానే పెరటి తలుపు మూసి గడియ పెట్టేసింది.

"కూకో. తిను. నోరెత్తినావంటే సూడు."

కిటికీలోంచి షెడ్డు కనిపిస్తూనే ఉంది. బండి కింద మావ కాళ్ళు, పైన స్టీరింగు మీద నాన్న చేతులు. నేను వస్తానని ఇద్దరూ చూస్తున్నారు. తర్వాత కింద నుంచి ఎవరికీ చెప్పనట్టుగా, "తొక్కు" అని వినిపించింది. పెడలు కదల్లేదు. నాన్న తిన్నగా ముందుకి చూస్తూ కూర్చున్నాడు. అమ్మ నా కంచంలో పులుసు పోస్తూ ఆగిపోయింది.

"తొక్కు బావా."

పెడలు కిర్రుమంది.

"అట్టే ఉంచు. ఉంచు. ఆ, ఇప్పుడొదిలీ."

ఆ తర్వాత నాలుగు చక్రాలకీ ఆ రెండు మూడు మాటలే. తొక్కు బావా, ఉంచు బావా, ఒదిలీ బావా. ఆరేళ్ళ బాకీ అంతా ఆ పిలుపులోనే తీర్చుకుంటున్నట్టు, అక్కర్లేనిచోట కూడా బావా అంటున్నాడు. అమ్మ నా వైపు చూడకుండానే మూడోసారి అన్నం వడ్డించింది. నేను వద్దనకుండా కలుపుకుని తిన్నాను. ఆఖరి చక్రం అయ్యాక నాన్న కాలు పెడలు మీద అలాగే ఉంచి అన్నాడు.

"ఒరే. ఆ దినం నాను తొక్కినాను రా."

మావ కాళ్ళు కదలడం మానేశాయి.

"తెలుసు బావా. మర్నాడే సూసినాను. ఎనక పైపుని ఉప్పు తినీసినాది, చిల్లడిపోనాది. కొత్తది ఏసీసినాను. సెప్పడానికే మొకం సెల్లనేదు."

నేను నోటుబుక్కులో గీసిన ఎర్ర గీత గుర్తొచ్చి తల కంచంలోకి దించుకున్నాను. నాన్న ఇప్పుడేం తిడతాడోనని భయం కూడా వేసింది. ఆయన చాలాసేపు స్టీరింగు తుడుస్తూ కూర్చున్నాడు. చివరికి అడిగిందల్లా ఒకటే.

"డీజిలు సరిపోయీదేట్రా?"

"సరిపోయీది బావా."

అమ్మ గడియ తీసి, ఇంకో రెండు కంచాలు కడిగింది. మర్నాడు మిలట్రోడు పన్నెండుమంది పాత సైనికుల్ని ఎక్కించుకుని హైస్కూలుకి వెళ్ళి, జెండా కర్రకి నాలుగడుగుల దూరంలో ఒద్దికగా ఆగాడు. హవల్దారు తాత దిగి మళ్ళీ నాకే సెల్యూట్ కొట్టాడు. నేను సిగ్గు లేకుండా పుచ్చుకున్నాను. పాత మిలట్రీ బండికి బ్రేకులు బాగుచేశానని ఇంటర్వ్యూలో చెప్పి ఉద్యోగం కూడా తెచ్చుకున్నాను. అందులో మీరు చేసిన పనేమిటని వాళ్ళు అడగలేదు గాని, అడిగితే అన్నం తిన్నానని చెప్పాల్సి వచ్చేది.

ఇదంతా జరిగి పదిహేనేళ్ళు దాటింది. ఇప్పుడు విశాఖపట్నంలో ఒక వర్క్‌షాపులో నా కింద ఎనిమిదిమంది మెకానిక్కులు పనిచేస్తున్నారు. (పానా బాగానే పడతాను.) నాన్నకి మోకాళ్ళ నొప్పులు, మావకి నడుము. అయినా ఏటా జెండా పండగ ముందురోజు ఇద్దరూ కలిసి మిలట్రోడికి గాలి తీస్తారు. వాళ్ళ అవస్థ చూడలేక కిందటేడు నేనొక చేతి పంపు కొని తీసుకెళ్ళాను. దాన్ని తగిలిస్తే పెడలు తొక్కే పనే ఉండదు, ఒక్క మనిషే కూర్చుని గాలి లాగేయొచ్చు. పెట్టె విప్పి, ఇదుంటే రెండో మనిషి అక్కర్లేదని అమ్మకి గొప్పగా చెప్పాను. అమ్మ నన్ను ఆ వేళ తలుపు గడియ పెట్టినప్పటిలాగే చూసింది.

"అటక మీద పెట్టీ. మీ నాన్నకి సూపించకు."

అమ్మ చెప్పాక గాని నాకు వెలగలేదు. చక్కగా పడుతున్న బ్రేకుకి ఏటా గాలి తియ్యక్కర్లేదని ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు తెలుసు. మావకి నాకన్నా బాగా తెలుసు. నిచ్చెన వేసుకుని పెట్టెని అటక మీద పెట్టి దిగాను. పెరట్లోంచి "తొక్కు బావా" అని వినిపించింది. నాకు ఆకలి లేదు. అయినా కంచం తెచ్చుకుని కూర్చున్నాను.