జానీ భాయ్ చుట్టిన మోటారు

ఈ మాట ఇన్నేళ్లూ కడుపులోనే దాచుకున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

వీపనగండ్ల దగ్గర కృష్ణ ఒడ్డున మాది చిన్న ఊరు. ఏటి నీళ్లు తోడి పొలాలకిచ్చే లిఫ్టు మోటారు ఊరందరిదీ. వేసేది, ఆపేది నేను. అది ముసలిది. ఏటా కాలేది. ఏటా పెబ్బేరు నుంచి జానీ భాయ్ వచ్చి, లోపలి రాగి తీగంతా విప్పి, కొత్తగా చుట్టి బతికించి పోయేవాడు. ఒక ఏడు రైతులు విసిగి కొత్తది కొందామంటే, ఈ పంట దాటిస్తదని అందరి ముందూ మాటిచ్చాడు.

ఆయన చుట్టి పోయిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం కరెంటు మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. రెండింటి మీద నడిపితే మోటారు కాలుతుందని నాకు తెలియదా? కానీ కాలువ చివర నా ముప్పావెకరం పల్లి చేను వాడిపోతోంది. నీళ్లు అక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ కరెంటు పోయేది. ఒక్క గంటే కదా అనుకున్నాను. రెండు ఫేజుల మీదే మోటారు తిరిగేలా చేసే కండెన్సర్ తగిలించి వేశాను. గంట కాకముందే పొగ వచ్చింది. కండెన్సర్ పీకి గట్టు కింద పూడ్చేశాను.

ఊళ్లో అప్పుడున్న ఒక్క సెల్‌ఫోన్‌తో జానీ భాయ్‌ని పిలిపించారు. మోటారు విప్పి చాలాసేపు చూశాడు. తీగ ఎట్లా కాలిందో చూస్తే ఎందుకు కాలిందో ఆయనకు తెలిసిపోతుంది. చుట్టూ రైతులు నిలబడ్డారు.

"తమ్మీ, రెండు ఫేజుల మీద ఏసినవా?" అని మెల్లగా నన్నడిగాడు.

"లే భాయ్. నువ్వు చుట్టిందే మంచిగ లేదేమో."

నా మొహంలోకి చూశాడు. "గట్లనే కావచ్చు" అని సామాన్లు సంచిలో వేసుకున్నాడు.

ఎందుకు ఊరుకున్నాడు? నా పని పోతుందనా? నాతో వాదించడమే అసహ్యమనిపించిందా? ఇన్నేళ్లుగా నన్ను నేను ఇదే అడుగుతున్నాను, ఏ జవాబు చెప్పుకున్నా, ఆయన గురించి ఆలోచిస్తూ నా పిరికితనం నుంచి తప్పించుకుంటున్నానని మళ్లీ నాకే తెలిసిపోతుంది. సిగ్గుగా ఉంది.

కొత్త మోటారు వచ్చింది. కొబ్బరికాయ నాతోనే కొట్టించారు. చివరి చేలకూ నీళ్లందాయి. పాతది కాలిందే మంచిదైందన్నారు. జానీ భాయ్‌ని మాత్రం మా ఊరు మళ్లీ పిలవలేదు. మా వాళ్ల మాట విని చుట్టుపక్కల ఊళ్లూ మానుకున్నాయి.

ఇప్పటికీ పెబ్బేరు సంతలో కలుస్తాడు. చూపు తగ్గింది, గొంతును బట్టి గుర్తుపడతాడు. ప్రతిసారీ ఒక్కటే అడుగుతాడు, మోటారు మంచిగ నడుస్తుందా తమ్మీ అని. నడుస్తుంది భాయ్ అంటాను. ఆ తర్వాతి మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. అదే ఇక్కడ రాస్తున్నాను. భాయ్ చుట్టిన తీగలో ఏ తప్పూ లేదు. మోటారును కాల్చింది నేను.