చిన్నదాని చేతులు

మా రొయ్యల షెడ్డులో పెద్దది అంటే అందరికీ తెలుసు. వాళ్ల అత్తగారు అలా పిలుస్తుంది కాబట్టి మాకూ పెద్దదే. మా పక్క వాటాలోనే దాని కాపురం, మా బల్లకి ఎదురుగానే దాని పని. అది రొయ్య తల తుంచి, పొట్టు తీసి, వీపు మీది నల్ల నరం లాగి ట్రేలో పడేసేసరికి పక్కవాళ్లు ఇంకా తల దగ్గరే ఉంటారు. పనిలో దానికి వంక పెట్టేవాడు పుట్టలేదు. ఉన్న రోగమల్లా ఒక్కటే, కుళ్లు. అదీ లోకం మీద కాదు, సొంత తోడికోడలి మీద.

చిన్నదాన్ని షెడ్డుకి తీసుకొచ్చింది పెద్దదే. రొయ్య ఒలవడం నేర్పిందీ అదే. కొత్తలో "అక్కా, అక్కా" అంటూ కొంగు పట్టుకు తిరిగితే మురిసిపోయింది కూడా. తీరా షెడ్డులో ఆడవాళ్లు "చిన్నదాని చేతులు చూడండే, పొద్దంతా ఐసు నీళ్లలో నానినా ఎంత మెత్తగా ఉన్నాయో!" అనడం మొదలుపెట్టాక కడుపుమంట మొదలైంది. ఇంట్లో అయితే మరీనూ. చిన్నది అంట్ల ముందు కూర్చోబోతే "లే, నీకు చేతకాదు" అని లాగేసుకునేది. గిన్నెలు తళతళలాడితే అత్తగారు మెచ్చుకుంటుంది కదా, ఆ మెప్పు చిన్నదానికి దక్కకూడదు! అంట్లు, బట్టలు, గచ్చు కడగడం, అన్నీ తనే.

ఇలా ఉండగా వండిన రొయ్యల గదిలో ఒక స్టూలు ఖాళీ అయింది. ఆ స్టూలు విలువ మాకే తెలుసు. మేము రోజంతా రబ్బరు బూట్లతో తడి గచ్చు మీద నిలబడి చావాలి. అక్కడ పొడి నేల, కూర్చుని పని. మోకాళ్లు పట్టేసి మెట్లెక్కలేకపోతున్న పెద్దది దాని మీద పంచప్రాణాలూ పెట్టుకుంది. కానీ ఆ గదిలోకి పోవాలంటే చేతివేగం చూడరు, చేతుల శుభ్రం చూస్తారు. పచ్చి రొయ్యని కొన్నవాళ్లు ఎలాగూ ఉడకబెట్టుకుంటారు. వండిన రొయ్య పొట్లం విప్పి తిన్నగా నోట్లో వేసుకునేదే. అందుకని ల్యాబు అమ్మాయి దూది పుల్లతో మా అరచేతులు, గోళ్ల సందులు తుడిచి పరీక్షకి తీసుకెళ్తుంది. మొదటి విడత పరీక్షలో మేమంతా తప్పిపోయి చివరికి వీళ్లిద్దరే మిగిలారు. ఇంకో పరీక్షతో తేలిపోతుందన్నారు.

"చూస్తూ ఉండు, అది నాకంటే శుభ్రంగా ఎలా ఉంటుందో!" అంది పెద్దది నాతో.

ఇక ఆ కడుగుడు చూడాలి! అందరం సబ్బుతో కడిగి మందు నీళ్లలో ముంచి వదిలేస్తే, ఇది గరుకు బ్రష్షు పెట్టి రుద్దేది. ఇంటికెళ్లాక గచ్చుకి వాడే బ్లీచింగు కలిపిన బకెట్లో మోచేతుల దాకా పెట్టేది. "చర్మం ఊడొస్తుందే పిచ్చిదానా!" అంటే "నీకెందుకు, నీ పని చూసుకో" అని నా మీద ఒంటికాలి మీద లేచింది. కొన్నాళ్లకి వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి రసి కారింది. సూపర్‌వైజరు చూస్తే పని మాన్పిస్తాడని గ్లౌజులు తీయకుండా, పళ్లు బిగబట్టి నెట్టుకొచ్చింది. పరీక్షకి మాత్రం తప్పక ఒక్క క్షణం తీసి, కణుపులు కనపడకుండా అరచేతులు చాపి, తుడవగానే మళ్లీ తొడిగేసుకుంది.

ఫలితం చెప్పడానికి ల్యాబు అమ్మాయి మా బల్ల దగ్గరికే వచ్చింది.

"ఈవిడ చేతులు బాగున్నాయి" అంది చిన్నదాన్ని చూపించి. "అక్కా, మీ చేతుల్లోనే క్రిమి విపరీతంగా ఉంది. ఏదీ, గ్లౌజులు తియ్యండి."

తీసింది. కణుపులన్నీ పగిలి పచ్చిపుండ్లయి ఉన్నాయి.

"ఎంత కడిగానో తెలుసా అమ్మాయ్? ఇంత కడిగిన చేతుల్లో క్రిమి ఎక్కణ్ణించి వస్తుంది?" అంది పెద్దది.

"అతిగా కడిగే తెచ్చుకున్నారక్కా. ఈ క్రిమి పగిలిన చర్మంలోనే కాపురం పెడుతుంది. వండిన రొయ్య మీద పడిందంటే గంటల్లో పెరిగిపోతుంది. అది వదిలిన విషం మళ్లీ వేడి చేసినా పోదు. తిన్నవాళ్లకి వాంతులే వాంతులు. ఇవి మానేదాకా మీరు రొయ్య ముట్టుకోకూడదు, నీళ్లలో చెయ్యి పెట్టకూడదు." అని చిన్నదాని వైపు తిరిగి "మీరు చేతులకి ఏం రాస్తారు?" అని అడిగింది.

"నేనేం రాస్తానండీ! ఇంట్లో అక్క నన్ను గిన్నె ముట్టుకోనివ్వదు. అంట్లూ బట్టలూ అన్నీ తనే చేసుకుంటుంది. ఇదంతా అక్క చలవే."

"ఎంత మంచి తోడికోడలమ్మా!" అని బల్ల బల్లంతా పొగిడింది. నాకు నవ్వు తన్నుకొచ్చింది కానీ పెద్దదాని ముఖం చూశాక ఆగిపోయింది. తను కుళ్లుకుని పని లాక్కోవడమే ఆ చేతుల్ని అంత మెత్తగా ఉంచిందని దానికి అప్పుడు తెలిసింది. స్టూలు చిన్నదానికే పోయింది.

ఆ సాయంత్రం పలకరిద్దామని వెళ్లాను. పెద్దది చేతులకి మందు పూసుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. ఎదురుగా చిన్నది ఇనప పీచుతో కుక్కరు రుద్దుతోంది. అత్తగారు గుమ్మంలో నిలబడి "అబ్బ, చిన్నది తోమితే అద్దంలా ఉందే! ఇన్నాళ్లూ ఈ పనితనం ఎక్కడ దాచావే?" అంటోంది. పుండు మీద కారం చల్లడమంటే అదే.

పెద్దది నా చెవి దగ్గరికి వంగింది. "కొన్నాళ్లు ఇలాగే తోమనిస్తే చాలు. దాని చేతులూ నా చేతుల్లాగే అయిపోతాయి. స్టూలు నాకొస్తుంది."

"వస్తుంది. అయితే?" అన్నాను.

చిన్నది పీచు పిండి మళ్లీ రుద్దింది. కణుపుల దగ్గర అప్పుడే ఎర్రబడుతోంది. పెద్దది ఆ వేళ్ల వంక చూసింది, తర్వాత తన వేళ్ల వంక చూసుకుంది.

"ఒసేయ్! ముందా పీచు కింద పడెయ్!" అని ఒక్క అరుపు అరిచింది. "ఆ చేతులతోనా రేపు వండిన రొయ్యలు పట్టుకునేది? ఎవరి పిల్లలు తింటారో ఏమో! లే అక్కణ్ణించి!"

"మరి అంట్లెవరు తోముతారక్కా?"

"లోపల ఇద్దరు మగాళ్లు కాళ్లు బారజాపుకుని కూర్చున్నారుగా, వాళ్లకి చేతులు పడిపోయాయా?"

అత్తగారు లబోదిబోమంది. అన్నదమ్ములిద్దరూ గొణుక్కుంటూ వచ్చి అంట్ల ముందు కూలబడ్డారు. సగం జిడ్డు వదల్లేదు, ఒక గ్లాసు సొట్టపోయింది. అయినా అత్తగారు ఓ గిన్నె ఎత్తి వెలుతురులో తిప్పి చూసి, చెంగుతో కళ్లొత్తుకుంది.

"నా బంగారు కొండలు! ఈ ఇంట్లో గిన్నెలు ఇంత బాగా ఎవరైనా ఎప్పుడైనా తోమారా?"

"విన్నావా అక్కా?" అంది చిన్నది పళ్లు కొరుకుతూ.

"విన్నానే" అంది పెద్దది.

చిన్నది వచ్చి దాని పక్కనే కూర్చుంది. తోడికోడళ్లిద్దరూ ఆ జిడ్డు గిన్నెల వంక చూస్తూ, భుజం భుజం ఆనించుకుని మరీ కుళ్లుకున్నారు.