రెండు ముక్కలైన తోకచుక్క

ఈ మధ్య మళ్లీ ఒక తోకచుక్క వచ్చిందని, ఫోటోలు తీయడానికి పిల్లలు బండ్లు వేసుకొని ఊర్ల బయటికి పోతున్నారని విన్నాను. పోండి, మిమ్మల్ని ఎవరు వద్దన్నారు? నేను పోయినప్పుడు మాత్రం వద్దనని మనిషి లేడు. అప్పుడు జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఒక్క ఫోటో కోసం సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల మీదుగా రెండు రోజులు తిరిగాను. పోవాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే సర్దుకొని చదవండి, దారి మాత్రం తప్పు చెప్పను.

అది అడవిలో తుపాకీ పట్టిన అన్నల కాలం, పోలీసుల కాలం. సాయంత్రం ఆరు దాటితే పల్లెల్లో తలుపులు పడేవి. ఆ ఏడు ఎండాకాలం మొదట్లో పొద్దుగూకగానే పడమటి దిక్కున, కొంచెం ఉత్తరానికి, చీపురును తిరగేసి నిలబెట్టినట్టు తోకచుక్క కనిపించేది. మా బిడ్డ రజిత అప్పుడు అయిదో నెల కడుపుతో కోరుట్లలో అత్తగారింట్లో ఉంది. కడుపుతో ఉన్న మనిషి దాన్ని చూడకూడదని వాళ్లత్త రోజూ పొద్దు వాలకముందే తలుపులు మూసి, కిటికీకి దుప్పటి కట్టేది. అబద్ధమెందుకు, ఆ మాట ముందుగా చెప్పి పంపింది నేనే. నాకు అన్నిటికీ భయమే. గ్రహణానికి లోపల కూర్చున్నట్టే దీనికీ కూర్చోవాలి అనుకున్నాను. గ్రహణమైతే రెండు గంటలకు విడుస్తుంది. ఇది నెల రోజులైనా కదలదాయె. పిల్ల నెల రోజులు సాయంత్రం గాలి లేక ఉడికిపోయింది. చూసి వద్దామని పోతే నా మీద పడి ఏడ్చింది.

“లోకమంత సూస్తున్నది. నేనేం పాపం జేసిన్నే అవ్వా? దాన్ని సూడనియ్యకుంటె దాని ఫోటోనన్న తెచ్చి సూపియ్యి.”

ఫోటో చూస్తే దోషం లేదని వాళ్లత్త కూడా ఒప్పుకుంది. అందుకని నేను బయలుదేరాను, ఇంకెందుకూ కాదు.

కెమెరా మా ఇంట్లోనే ఉంది. మా ఆయన మస్కట్‌లో తాపీ మేస్త్రీ. సెలవు మీద వచ్చినప్పుడు ఒక మంచి కెమెరా తెచ్చి, బీరువాలో పెట్టి, తాళం చెవి నాకిచ్చి మళ్లీ పోయాడు. సిరిసిల్లలో మా వాడ చివర ఫోటో స్టూడియో మల్లేశం దగ్గరికి దాన్ని పట్టుకుపోయాను. మూడు కాళ్ల స్టాండు అతనే అరువిచ్చాడు. రీలు మాత్రం కొనాల్సి వచ్చింది, దాదాపు వంద రూపాయలు. మా ఊళ్లో మగ్గాల షెడ్ల లైట్లకు ఆకాశం తెల్లగా ఉంటుంది, చీకటి జాగాకు పొమ్మన్నాడు.

“అక్కా, గిది పగటి ఫోటో లెక్క కాదు. గీ చక్రం ‘బి’ కాడికి తిప్పు. గీ వైరు నొక్కి పట్టినంతసేపు లోపల కన్ను తెరిచే ఉంటది. పావు నిమిషం దాటినంక ఇడువు.”

“చీకట్ల నాకు గడియారం ఎట్ల కనవడుతదిరా?”

“నువ్వు బీడీలు చుడ్తవు గదా, కట్టకు ఎన్ని?”

“ఇరవై అయిదు.”

“మల్ల ఇంకేంది? నిమ్మలంగ ఒక కట్ట ఎంచు, ఇడువు. గంతే.”

లెక్కపెట్టడం ఇంత తేలికని తెలిసి నాకు ధైర్యం వచ్చింది. అతను ఇంకొకటి కూడా చెప్పాడు. “రీల్ ఎక్కించినంక ముందుగాల పగటీలి ఒక ఫోటో కొట్టు, ఎవలదన్న మొఖం. మరువకు. ల్యాబుల రీల్ కోసేటోనికి ఒక ఫోటో యాడ మొదలైందో, యాడ అయిపోయిందో తెల్వాలె గదా. అంత ఆకాశమే ఉంటె ఎక్కడ వడితె అక్కడ కోస్తడు.”

ఉగాదికి నాలుగు రోజులు ఉందనగా, పన్నెండు గంటలకు సిరిసిల్లలో బస్సెక్కాను. వేములవాడకు అరగంట. అక్కడ నీళ్లు తాగి, రుద్రంగి, కథలాపూర్ మీదుగా పోయే కోరుట్ల బస్సు పట్టుకున్నాను. రెండు గంటలకు పైగా పట్టింది. రోడ్డు అప్పుడు రోడ్డులా లేదు. టికెట్లు రెండూ కలిపి ఇరవై రూపాయల లోపే. కెమెరాను చీర కొంగులో, స్టాండును పాత ధోవతిలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. కండక్టర్ దాన్ని చూసి పెద్దగా నవ్వాడు.

“ఏందమ్మా గది, తుపాకా?”

ముందు సీటాయన దిగడానికి లేచి నిలబడ్డాడు. ఆ రోజుల్లో ఆడే మాటలేనా అవి?

“నీ నోట్ల మన్నువడ! ఫోటోల స్టాండురా గిది. మంది పానాలు దీస్తవా నువ్వు?” అన్నాను. వాడికి సిగ్గు లేదు, “గట్లనా, మరి నాదొకటి తియ్యి” అంటూ పండ్లు బయటపెట్టాడు. తీసినా బాగుండేది. అది తర్వాత తెలిసింది.

కోరుట్ల ఇంకా రెండు మైళ్లు ఉందనగా తాటివనం దగ్గర దిగాను. అక్కడ రాజేశం అని కల్లు గీసే మనిషి, అతని భార్య భూదవ్వ ఉండేవాళ్లు. మా వియ్యంకులకు బాగా తెలిసినవాళ్లు. నేను పోయేసరికి నాలుగున్నర. ఎండ ఇంకా బాగుంది. రీలు ఎక్కించి, “రాజేశం, గా చెట్టుకు ఆనుకొని నిలవడు, ఒక ఫోటో దీస్త” అన్నాను. అంతే, తువ్వాల మొఖానికి అడ్డం పెట్టుకొని వెనక్కి జరిగాడు.

“వద్దక్కా, నీ కాళ్లు మొక్కుత. గది పోలీసోల్ల చేతుల వడితె, అన్నలకు అన్నం వెట్టినోడు గీడే అంటరు. అన్నల చేతుల వడితె, పోలీసోల్లకు ఫోటోలిచ్చెటోడు గీడే అంటరు. నాకు మొఖం లేకుంటనే మంచిగున్నది.”

“ఆయినె మొఖాన్ని ఎవలు వట్టుకపోతరు? ముప్పై ఏండ్ల సంది నేనే ఇడిపించుకోలేక సస్తున్న” అంది భూదవ్వ. ముగ్గురం నవ్వాం. కానీ ఆమె కూడా కెమెరా వైపు వీపు తిప్పుకొనే కూర్చుంది. వాళ్లను చూసి నాకూ భయం పట్టుకుంది. నేను తీసిన ఫోటో వల్ల ఒక మనిషికి కీడు జరిగితే? కెమెరా మూసి పెట్టాను. చెట్టునో, కల్లు లొట్టినో, కట్టేసిన బర్రెనో తీయాలని తోచలేదు. మల్లేశం మొఖం అన్నాడు, నేను మొఖమే అనుకున్నాను. ఇంత తెలివితక్కువ మనిషి సిరిసిల్లలో ఇంకొకతె ఉంటుందా?

భూదవ్వ జొన్న రొట్టె, పచ్చిపులుసు పెట్టింది. పొద్దుగూకింది. వనం వెనుక దున్నిన చేనులో స్టాండు నిలబెట్టాను. ఏడు కాకముందే చుక్క దిగినట్టు అది కనిపించింది. ముందు తల, తర్వాత మెల్లమెల్లగా తోక. నేను రెండు చేతులెత్తి దండం పెట్టుకొని, నా బిడ్డ జోలికి రాకు అని మొక్కి, అప్పుడు వైరు నొక్కాను. ఒకటి, రెండు, మూడు... కట్ట పూర్తి కాగానే వదిలాను. కానీ గాలి వదలలేదు. స్టాండు వణుకుతోంది. ఎనిమిది తీశాను, ఎనిమిదీ చెడిపోయి ఉంటాయని నాకు తెలుస్తూనే ఉంది. తొమ్మిదోది సగంలో ఉండగా రోడ్డు మీద జీపు ఆగింది. లైట్లు నేరుగా నా మీద పడ్డాయి.

“ఎవల్రా గక్కడ? చేతులు లేపు!”

చేతులు లేపాను. ఒక చేతిలో వైరు అట్లాగే ఉంది. ఇద్దరు కానిస్టేబుళ్లు, వెనుక ఒక ఎస్సై వచ్చారు. ఎస్సై ఈ ప్రాంతం మనిషి కాదు.

“ఏంటమ్మా ఇది? ఎవరికి సిగ్నల్ ఇస్తున్నావ్?”

“సిగినల్ లేదు, గిగినల్ లేదు సారూ. తోకసుక్క ఫోటో దీస్తున్న. మా బిడ్డ కడుపుతోని ఉన్నది, సూడద్దని ఇంట్ల వెట్టిన్రు.”

“తోకచుక్కా? ఎక్కడుంది?”

ఆ మాటకు నాకు భయం పోయి కోపం వచ్చింది. నెల రోజులుగా రోజూ సాయంత్రం ఇదే రోడ్డు మీద తిరుగుతున్నాడు, కింద మనుషులను పట్టుకోవడమే తప్ప ఒక్కసారి తల ఎత్తలేదు. “గదో, మీ టోపీ మీదికెల్లి సూడుండ్రి” అన్నాను. ముగ్గురూ చూశారు. తర్వాత ఒక కానిస్టేబుల్ కెమెరా వెనుక తలుపు తెరవబోయాడు. నేను కెమెరాను కావలించుకున్నాను.

“తెరిస్తె ఉన్నయన్ని సస్తయి సారూ! మీకూ బిడ్డలుంటరు గదా!”

ఎస్సై వాడిని ఆపాడు. జీపు లైట్లు ఆర్పించాడు. “ఒక్కటి తీసుకుని లోపలికి వెళ్లు. రేపు మళ్లీ ఇక్కడ కనబడితే స్టేషన్‌కి రావాల్సి ఉంటుంది” అని, నా పేరు, ఊరు రాసుకున్నాడు. తోకచుక్కను చూసినందుకు నా పేరు పోలీసు పుస్తకంలోకి ఎక్కింది! ఒక్క మేలు మాత్రం జరిగింది. వాళ్లు గాలికి అడ్డంగా నిలబడ్డారు. స్టాండు కదలలేదు. కట్ట ఎంచి వదిలాను. పదోది మంచిగా పడిందని నా చేతికే తెలిసింది.

తెల్లారి మొదటి బస్సుకు, కోరుట్లలో దిగకుండా, నేరుగా జగిత్యాల పోయాను. ఫోటో చేతిలో పట్టుకొనే బిడ్డ ఇంట్లో అడుగుపెట్టాలని నా పట్టుదల. గంట ప్రయాణం. బస్టాండ్ నుంచి కలర్ ల్యాబు నడిచిపోయే దూరమే. తొమ్మిదిన్నరకు రీలు ఇస్తే రెండు గంటలకు రమ్మన్నారు. రెండింటికి కౌంటర్ మీది మనిషి ఖాళీ కవరు ఊపాడు.

“రీల్ ఖరాబయింది పెద్దమ్మా. ఏం పడలే. ప్రింట్లు వెయ్యలే, పైసలు గూడ వద్దు.”

“పడలేదని నీకెట్ల తెలుసు?”

“ఒక్క మనిషన్న ఉండాలె గదా!”

కోసిన రీలు ముక్కలను వెలుతురుకు పెట్టి చూశాను. రీలులో అన్నీ తిరగబడి ఉంటాయి కదా, రాత్రి చీకటి అందులో తెల్లగా ఉంది, చుక్కలు నల్లగా ఉన్నాయి. గాలికి వణికినవన్నీ గీతలు. జీపు లైటు పడ్డది మసి. పదోదాన్ని వెతికాను. ఒక ముక్క చివర తల ఉంది. ఇంకొక ముక్క మొదట్లో తోక ఉంది. సరిగ్గా మధ్యకు కోశాడు.

“నీ చేతులకు జెట్టలు వుట్ట! నా బిడ్డ ఫోటోను కోస్తివి గదరా!”

“బిడ్డనా? గా రీల్ల బిడ్డ యాడున్నది?” అన్నాడు వాడు. వాడికేం తెలుసు! నా అరుపులకు కొనుగోలుదార్లు బయటికి పోయారు. అయినా నేను లేవలేదు. రెండు ముక్కలకూ ప్రింటు వేసిస్తే తప్ప కదలనని వాడి మెట్ల మీద కూర్చున్నాను. బొమ్మ లేని ప్రింటు వేస్తే ఓనరు తిడతాడట. గంటన్నర కూర్చుంటే వేసిచ్చాడు. మళ్లీ తాటివనానికి పోదామంటే ఎస్సై మాట ఉంది, రాజేశం భయం ఉంది. ఉగాది దాటితే వెన్నెల వస్తుంది. ఇక అంతే.

బస్సు దొరికి కోరుట్ల చేరేసరికి ఆరున్నర. కరెంటు పోయి ఉంది. వియ్యపురాలు అప్పటికే కిటికీకి దుప్పటి కట్టింది. రజిత కందిలి ముందు కూర్చొని రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టింది. తెల్లటి తల ఒక దాంట్లో, తోక ఇంకొక దాంట్లో. మామూలు కంటికి కనిపించని నీలం తోక కూడా ఒకటి పడింది. వేలితో ఆ కోతను తడిమింది.

“నడుమ ఏముండె అవ్వా?”

చెప్పబోయాను. తల నుంచి తోక ఎట్లా విచ్చుకుంటుందో నేను కళ్లారా చూశాను, కానీ దాన్ని ఏమని చెప్పాలి?

“నువ్వు జూసినవ్. పోలీసోల్లు జూసిన్రు. రాజేశం మామ జూసిండు. నాకే ముక్కలా?” అని లేచి నిలబడింది. వాళ్లత్త తలుపుకు అడ్డం నిలబడి నా వైపు చూసింది. “నువ్వే చెప్పు వదినె. నువ్వు చెప్పినందుకే గదా నేను మూసింది.”

నిజమే. అందరి మీదా అరిచిన నేను ఇక్కడ ఎవరి మీద అరవాలి? “తలుపు తియ్యి వదినె” అన్నాను.

వాడ చివరి ఖాళీ జాగ దాకా బిడ్డ చెయ్యి పట్టుకొని పోయాను. ఆమె చూసింది. నేను చూడలేదు, ఆమె మొఖమే చూశాను. కాసేపటికి వెనుక చప్పుడైతే తిరిగాను, వియ్యపురాలు. “అత్త లేకుంట కోడలు ఒక్కతె జూస్తె బాగుండదు” అని కొంగు కప్పుకొని నిలబడింది. నెల రోజుల నుంచి ఆమె కూడా చూడలేదట.

తర్వాత నాలుగు నెలలు నేను సరిగా నిద్రపోలేదు. మనవరాలు పుట్టినప్పుడు మంత్రసాని కంటే ముందు ఇరవై గోళ్లూ నేనే లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి. ఆ ల్యాబు మనిషి మీద, కండక్టర్ మీద, నా పేరు రాసుకున్నాయన మీద కోపం ఇంకా అట్లాగే ఉంది. అందరికంటే ఎక్కువ నా మీద ఉంది. నెల రోజులు ఆకాశాన్ని నా బిడ్డకు మూసింది వాళ్లెవరూ కాదు. ఒక్కొక్కసారి మాత్రం అనుకుంటాను, ఆ ఫోటో మంచిగా వచ్చి ఉంటే రజిత దాన్నే చూసి ఊరుకునేది, నేను కూడా గండం గడిచిందని ఊరుకునేదాన్ని. అట్లాగని ఆ కోసినవాడిని మాత్రం క్షమించను.

ఇప్పుడు మళ్లీ రీలు కెమెరాలు పట్టుకొని తిరిగే పిల్లలు ఉన్నారట. వాళ్లకు ఒకటే చెబుతాను. చీకటి పడకముందే మొదటి ఫోటో వెలుతురులో ఒకటి తీయండి. మొఖం ఇవ్వడానికి ఎవరైనా భయపడితే బలవంతం చేయకండి, మీ కాలి ఫోటో తీసుకోండి.