గీత పడని రాయి

పిడుగురాళ్ల సున్నపుబట్టీ దగ్గర సైదాబీకి పదిహేనేళ్లుగా ఒకటే పని, లారీల్లో వచ్చిన రాయిని ఏరడం. తెల్లగా ఉన్నదల్లా సున్నమవదు. ముగ్గురాయిని ఇనుపమేకుతో గీస్తే గీత పడి పొడి రాలుతుంది. అది కాలితే సున్నం. పలుగురాయి మీద మేకే అరుగుతుంది. ఎంత కాల్చినా అది రాయే.

2001 ఆషాఢంలో ఒక సాయంత్రం మబ్బు కమ్మింది. లారీ డ్రైవరు తొందరపెట్టాడు. సైదాబీ పైపైన నాలుగు రాళ్లు గీసి, "దించేయ్" అంది. మర్నాడు పొద్దున్నే ఆ రాయిని బొగ్గుతో కలిపి బట్టీకెత్తి అంటించారు.

మధ్యాహ్నం, దించిన చోట మిగిలిన ఒక ముక్కను ఊరికే గీసింది. గీత పడలేదు. ఇంకో మూడు గీసింది. రెండింటి మీద పడలేదు.

అప్పట్నుంచి ఆమెకు కుదురు లేదు. అంటించిన బట్టీని ఆపే వీల్లేదు, ఐదారు రోజులు కాలాల్సిందే. పప్పులో రెండుసార్లు ఉప్పేసింది. ఇంట్లో రోలును గీసింది, గడపబండను గీసింది.

"ఊరుకోవే. కాలింతర్వాత ఏ లారీదని ఎవడు చెబుతాడు?" అన్నాడు భర్త మీరా హుస్సేన్. అదే బట్టీలో బొగ్గు వేసేది అతనే.

"నాకు తెలుసుగా," అంది.

మూడో రోజు యజమాని వెంకయ్య దగ్గరికెళ్లింది. "అయ్యా, మొన్నటి రాయిలో పలుగు కలిసింది. నేనే సరిగా చూడలా."

వెంకయ్య బట్టీ పొగ వైపు తిరిగాడు. "ఎంత కలిసింది?"

"సగం దాకా ఉండొచ్చండి."

ఆయన గుంటూరులో సున్నం కొనేవాళ్లకు ఫోన్ చేసి, ఈసారి సరుకు ఆలస్యమవుతుందని చెప్పాడు.

బట్టీ చల్లారాక కొంత సరుకు తీసి నీళ్లు చల్లారు. సున్నం బుసబుసమంటూ ఉబ్బి పిండైపోయింది. మధ్యమధ్య పలుగురాళ్లు మాత్రం పగుళ్లిచ్చి అలాగే మిగిలాయి. అందరూ కూర్చుని రెండ్రోజులు వాటిని ఏరిపారేశారు.

వెంకయ్య తిట్టలేదు. "నెల్రోజులు బస్తాలు కుట్టు," అన్నాడంతే. రాయి ఏరే చోట, ఇన్నాళ్లూ బస్తాలు కుట్టిన సుబ్బరావమ్మ కూర్చుంది. సైదాబీ సూది లాగుతోందే గాని, చెవి మేకు చప్పుడు మీదే. వారం తిరక్కుండానే దారం నోటితో తెంపి లేచింది.

"సుబ్బరావమ్మా, అడుగునున్నవి కూడా తియ్యి," అంటూ రాళ్లకుప్ప పక్కన చతికిలబడింది.

వెంకయ్య దూరం నుంచి చూశాడు. బస్తాల దగ్గరికి పొమ్మనలేదు.