మాస్టరు గుటక వెయ్యలేదు

పోయిన కార్తీకమాసం మూడో సోమవారం నాకు అప్పగించిన పని, మహానందిలో వర్తకుల సంఘం నడిపే అన్నసత్రంలో సమారాధన వంట. అప్పటికి నేను అక్కడ పెద్ద వంటమాస్టరును. ఆ వంటతోనే నా ఉద్యోగం ముగిసింది. ఎందుకు మానుకున్నావని అడిగినవాళ్ళకు మోకాళ్ళ నొప్పి అని చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటినాక, సత్రంలో రాత్రిబడి పెట్టినప్పుడు. కాబట్టి రాతలో ఉప్పు ఎక్కువైనా తక్కువైనా చదివేవాళ్ళు సర్దుకోవాలి.

వంటశాలలో మెట్లుంటాయి. అందరికంటే కింద నీళ్ళు మోసేవాళ్ళు, తర్వాత తరిగేవాళ్ళు, తర్వాత పొయ్యివాళ్ళు. మంట పెంచడం, తగ్గించడం, గుండిగ దించడం పొయ్యివాళ్ళ పని. గుండిగ అంటే నిలబడిన మనిషి నడుం దాకా వచ్చే రాగిపాత్ర. వాళ్ళ మీద రెండో మాస్టరు, అందరి మీద పెద్ద మాస్టరు. కోడుమూరు పక్కన మా ఊరు వదిలి నేను నీళ్ళబిందెతోనే ఈ సత్రంలో చేరాను. పెద్ద మాస్టరు అయ్యేసరికి నా ఒళ్ళు కూడా గుండిగ అయింది. దానికి నేను సిగ్గుపడలేదు. బక్క వంటవాణ్ణి ఎవరూ నమ్మరు. నా పొట్టే నా బోర్డు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. సమారాధన వంట మొదట దేవుడికి పోవాలి. నైవేద్యం అయ్యేదాకా వండినవాడు ఒక మెతుకు కూడా నాలుక మీద వేసుకోరాదు. మరి ఉప్పు సరిపోయిందని ఎట్లా తెలుస్తుంది? మూత తీసి, ఆవిరి మీదికి వంగి వాసన పట్టాలి. ఉప్పుకు వాసన లేదంటారు. నిజమే. కాని ఉప్పు పడిన పప్పు వాసన వేరు, పడని పప్పు వాసన వేరు. అన్నీ కుదిరితే నాలుక మొదట్లో నీళ్ళు ఊరుతాయి. ఊరితే కుదిరినట్టు, ఊరకపోతే ఇంకా ఏదో తక్కువున్నట్టు. ముప్పై ఏళ్ళు నేను వంట చేసింది ఈ లెక్క మీదే.

ఒళ్ళు బరువై, దాంతో పాటు చక్కెర జబ్బు కూడా వచ్చి, మోకాళ్ళు మొరాయించాయి. కీలు మార్చాలంటే ముందు బరువు దిగాలన్నాడు ఎముకల డాక్టరు. నేను దిగలేదు. పొద్దున గోధుమరొట్టె తినేవాణ్ణి, దాని తర్వాత ఎప్పటిలాగే చిత్రాన్నం కూడా తినేవాణ్ణి.

అప్పుడే సత్రం సంఘానికి పెద్ద అయిన శేషయ్యశెట్టి మైదుకూరు నుంచి వచ్చాడు. పసుపు వ్యాపారి. నాకంటే లావు ఉండేవాడు. ఆ రోజు కారు దిగిన మనిషిని చూసి వాళ్ళ తమ్ముడనుకొని, అన్న ఎట్లున్నాడని అడిగాను.

“నేనే నాగప్పా,” అన్నాడు శెట్టి. “వారానికొక సూది ఏసుకుంటాండా. ఆకలి కాదు, ఏం కాదు. ఆకు ముందర కూచుంటే రెండు ముద్దలకే సాలనిపిస్తాది.”

నాకు ఈర్ష్య పుట్టింది. మర్నాడే కర్నూలు బస్సెక్కి ఒక మందుల అంగడికి పోయి, సన్నబడే సూది ఇయ్యప్పా అన్నాను. చీటీ ఏదని అడిగాడు. చీటీ లేదు, సామానైతే నేనే చెప్తానన్నాను. “ఇది కందిపప్పు కాదు పెద్దాయనా, డాక్టరు రాయకుండా ఇచ్చేది లేదు,” అన్నాడు. బయట నిలబడిన ఒకడు, చీటీ లేకుండా అగ్గువకు సీసాలో మందు తెప్పిస్తానని నా చెవిలో చెప్పాడు. ముద్రలేని నూనె డబ్బా ఎన్నడూ కొనని వంటవాణ్ణి, ముద్రలేని మందు ఒంట్లోకి ఎక్కించుకుంటానా? అంత తెలివి మాత్రం ఆ రోజుకు మిగిలింది.

చక్కెర జబ్బు చూసే డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమె బరువు, ఎత్తు చూసింది, రక్తపరీక్షలు రాసింది. క్లోమం ఎప్పుడైనా వాచిందా, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ ఉందా అని అడిగింది. అలాంటివి ఉన్నవాళ్ళకు ఈ మందు ఇవ్వరట. తర్వాత నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. మనం తిన్నాక పేగుల్లోనుంచి మెదడుకు ‘చాలు’ అనే కబురు పోతుంది. ఈ మందు ఆ కబురునే వారమంతా పంపుతూ ఉంటుంది. కడుపు ఖాళీ కావడం కూడా నెమ్మదిస్తుంది. మొదట చిన్న మోతాదు, నెల గడిచాక ఒక మెట్టు పైకి. మోతాదు పెరిగిన కొద్ది రోజులు వికారం ఉండొచ్చు, కొన్ని వాసనలు పడకపోవచ్చు. వారంలో ఏ రోజైనా సరే, ఎప్పుడూ ఆ రోజే వేసుకోవాలి. పొట్ట మీద గాని తొడ మీద గాని చోటు మార్చి మార్చి. ఫ్రిజ్‌లో పెట్టాలి గాని గడ్డకట్టనివ్వరాదు, గడ్డకట్టినది పారెయ్యాల్సిందే. పప్పులు, గుడ్లు మానకూడదు, నడవాలి, లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. మానేస్తే బరువు మళ్ళీ రావచ్చు.

మీరేం పని చేస్తారని కూడా అడిగింది. వంట అన్నాను. “వాసనలతో ఇబ్బంది అయితే ఫోన్ చేయండి, మోతాదు పెంచకుండా ఆపుదాం,” అంది. నేను నవ్వాను. పొయ్యి ఆర్పడం లేదు, మంట తగ్గిస్తున్నారు, అంతే కదా అనుకున్నాను. ఎవరి పొయ్యి అని ఆలోచించలేదు.

శనివారం నా రోజు అని పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. తినకుండా ఉండడానికి వంటవాడు సూది పొడిపించుకుంటున్నాడంటే, చెప్పుల అంగడివాడు వట్టికాళ్ళతో తిరిగినట్టు ఉంటుందని సిగ్గు. కలం లాంటి ఆ సూదిని స్టీలు డబ్బాలో పెట్టి, సత్రం ఫ్రిజ్‌లో పెరుగు వెనక దాచాను. శనివారం పొద్దున సామాన్ల గదిలో, బెల్లం మూటల మధ్య చొక్కా ఎత్తి పొడుచుకునేవాణ్ణి. పెట్టెలో మందు గురించి ఒక కాగితం ఉంటుంది, విప్పితే పంచె అంత. అంతా ఇంగ్లీషు. నేను నేర్చుకున్న అక్షరాలు అందులో ఒక్కటీ లేవు.

మొదటి నెల అంతా బాగుంది. పంచె జారింది, నాకు పొగరు పెరిగింది. భోజనాల వరుసలో నీళ్ళు ఎక్కువ అడుగుతున్నారని మా రెండో మాస్టరు ఈరమ్మ ఒకటి రెండు సార్లు అంది. ఎండ అన్నాను. కార్తీకంలో ఎండేమిటని ఆమె అడగలేదు. నా డబ్బా మీద మాత్రం ఆమెకు కన్నుండేది. “మాస్టరు జున్ను దాసుకొని ఒక్కడే తింటాండాడు,” అని అందరికీ చెప్పింది.

సమారాధనకు వారం ముందు శెట్టి మమ్మల్నందరినీ పిలిచి కూర్చోబెట్టాడు. కర్నూలు నుంచి ఒక క్యాటరింగు వాళ్ళు వచ్చి, వంటశాల మొత్తం మాకివ్వండి, మా మనుషులతో వండుతామని సంఘాన్ని అడుగుతున్నారట. సంఘంలో సగంమంది సరేనంటున్నారు. “ఈసారి సమారాధన సూసి తేలుస్తాం నాగప్పా. నీ వంట మీద నాకు నమ్మకముండాది. వాళ్ళకు నువ్వే సూపించల్ల,” అన్నాడు. నేను రేపో మాపో ఇంటికి పోయేవాణ్ణే. కాని ఈరమ్మ మొగుడు లేని మనిషి. ఆ పొయ్యి దాటితే ఆమెకు వేరే కూడు లేదు. పొయ్యివాడు ఓబులేసుకూ అంతే, మిగిలినవాళ్ళకూ అంతే.

నా మోతాదు మెట్టు ఎక్కాల్సింది సరిగ్గా సమారాధనకు ముందు శనివారమే. డాక్టరమ్మకు ఒక్క ఫోన్ చేసుంటే ఆపేది. నేను చెయ్యలేదు. శెట్టికి పడింది నాకు పడదా అనుకొని పెంచిన మోతాదే పొడుచుకున్నాను.

సోమవారం తెల్లవారుతుండగా గాడిపొయ్యి వెలిగించాం. నేలలో పొడుగ్గా తవ్వి, మీద గుండిగలు వరసగా పెట్టే కట్టెలపొయ్యి అది. కందిపప్పు, వంకాయ కూర, చారు, పాయసం. కందిపప్పు గుండిగ మూత తీసి వంగాను. ఆవిరి ముఖాన కొట్టింది, పేగులు గొంతులోకి వచ్చాయి. నీళ్ళు ఊరలేదు. ఉప్పు చాలలేదనుకొని ఒక గుప్పెడు వేశాను. మళ్ళీ వంగాను. ఏమీ లేదు. చింతపండు పులుసు పోశాను, ఇంకో గుప్పెడు ఉప్పు వేశాను. అయినా నా నోరు ఎండిన కుందూ ఏరు మాదిరే ఉంది. ఈలోపల కూర గుండిగలో వంకాయలు ఉడికి, చితికి, ముద్దయ్యాయి. ఓబులేసు గుండిగ దించే దుడ్డుకట్టె పట్టుకొని నా మొహం చూస్తూ నిలబడ్డాడు.

“యాడ సూస్తాండావురా? దించమని నీకు పత్రిక పంపల్నా?” అని అరిచాను.

“నువ్వు గుటక ఎయ్యలేదు గదా మాస్టరూ,” అన్నాడు వాడు.

“ఏం గుటక?”

వాడు ఈరమ్మ వైపు చూశాడు. “నీకు తెలీదా?” అంది ఈరమ్మ. “నువ్వు మూత తీసి వంగుతావు. కుదిరితే నీ గొంతుకాయ పైకి పోయి కిందికి దిగుతాది. అది సూసి మేం దించుతాం. ఇన్నేండ్లూ అట్లనే సేస్తాండాం. నువ్వు దించండ్రా అని అరిసేలోపల గుండిగ కింద ఉంటాది, సూడలేదా ఎప్పుడూ?”

చూశాను. నా పెత్తనానికి భయపడి అంత చురుగ్గా పనిచేస్తున్నారని ముప్పై ఏళ్ళు మీసం తిప్పాను. వాళ్ళు మాట విన్నది నాది కాదు, నా గొంతుకాయది.

ఇక దాచి లాభం లేదు. సూది సంగతి చెప్పేశాను.

“అంటే ఆ డబ్బాలో ఉండేది జున్ను కాదా?” అన్నాడు ఓబులేసు.

ఈరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. “ఏంది మాస్టరూ! కూడు లేనోళ్ళు ఆకలి సావల్లని మొక్కుకుంటారు. నువ్వు దుడ్లు పెట్టి సంపుకుంటివా? అదీ సమారాధన నాడు!”

“డాక్టరు రాసిన మందేలే ఈరమ్మా, మోకాళ్ళకు...”

“మోకాళ్ళతో వండుతాండావా నువ్వు?”

గుడిలో గంటలు వినబడుతున్నాయి. నైవేద్యానికి వేళ అవుతోంది. రుచి చూసే వీలు లేదు, వాసన చెప్పే నోరు లేదు. అప్పుడు గుర్తొచ్చింది, అది కార్తీక సోమవారం. ఈరమ్మ ఉపవాసం. చుక్కలు కనబడేదాకా ఏమీ ముట్టదు. ఆ వంటశాలలో ఆకలి మీద ఉన్న మనిషి ఆమె ఒక్కతే.

“నువ్వు వంగు,” అన్నాను.

ఆమె పప్పు మీదికి వంగింది. మొహం చిట్లించింది. “నోరు పొడారిపోతాండాది. పప్పులో ఉప్పేసినావా, ఉప్పులో పప్పేసినావా?” మారు మాట లేకుండా గుండిగలో సగం తోడించి పక్క గుండిగలో పోయించింది. రెంటిలోకీ సొరకాయ ముక్కలు, ఉప్పులేని పప్పు కలిపించి ఉడికించింది. చితికిన వంకాయల్లో తెడ్డు దింపి ఇంకా మెదిపించి, వేయించిన నువ్వులు, వేరుసెనగ విత్తనాల పొడి కలిపి, పచ్చడి చేసేసింది. నేను కట్టెలు తోశాను. మొదట్లో చేసిన పని కదా, మర్చిపోలేదు. చివరికి చారు మూత తీసి ఆమె వంగింది. అందరం ఆమె గొంతు చూస్తున్నాం. గొంతు కదిలింది. ఓబులేసు ఎవరినీ అడగకుండా గుండిగ దించాడు.

నైవేద్యం కొంచెం ఆలస్యమైంది గాని అయింది. సంఘం పెద్దలు మొదటి వరుసలో కూర్చున్నారు. శెట్టి రెండు ముద్దలు తిని చెయ్యి ఆపాడు. ఇక వంటశాల పోయినట్టే అనుకున్నాను. తర్వాత వెలిగింది, ఆయనకూ సూదే. ఆకలి లేనివాడు వండబోయాడు, ఆకలి లేనివాడు తీర్పు చెప్పబోతున్నాడు. శెట్టికి కూడా అది తెలిసినట్టుంది. తన ఆకు వదిలి పక్కన భార్య ఆకు చూశాడు. ఆమె వంకాయ పచ్చడి మూడోసారి అడుగుతోంది.

భోజనాలయ్యాక శెట్టిని పక్కకు పిలిచి జరిగింది చెప్పాను. ఆయన కడుపు పట్టుకొని నవ్వాడు, ఇప్పుడు పట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. తర్వాత వ్యాపారి అయ్యాడు. “సూదా, పొయ్యా నాగప్పా?” అని అడిగాడు. నా మోకాళ్ళు సూది అన్నాయి. వంటశాల క్యాటరింగు వాళ్ళకు పోలేదు. ఈరమ్మ పెద్ద మాస్టరు అయింది. ఆడమనిషికి గాడిపొయ్యి మీద పెత్తనమా అని సంఘంలో ఇద్దరు గొణిగారు. ఆ రోజు మీ ఆకుల్లో ఏం మిగిలిందో చెప్పండి అన్నాడు శెట్టి.

మందు మీద నాకు ఫిర్యాదు లేదు. అది చెప్పిన పని చేసింది. మోతాదు తగ్గించి, డాక్టరమ్మ చెప్పినట్టే వాడుతున్నాను. ఒక కీలు మార్చారు. కోడుమూరులో నన్ను చూసినవాళ్ళు ఏం రోగమప్పా అని జాలి పడుతున్నారు. ఈ సూది వేసుకోబోయేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఏం పని చేస్తారని డాక్టరు అడిగితే ఆ పని పేరు చెప్పి ఊరుకోవద్దు, ఒంట్లో దేనితో చేస్తారో కూడా చెప్పండి. నేను వంట చేసింది చేతులతో అనుకున్నాను. ఆకలితో చేశాను.

అప్పుడప్పుడు మహానందికి పోయి సత్రంలో రెండో వరుసలో కూర్చుంటాను. ఈరమ్మ వచ్చి అందరినీ వంట ఎట్లుండాదని అడుగుతుంది. నా ఆకు దగ్గర ఆగకుండా ముందుకు పోతుంది.