ఎజ్రా ఆమేన్ అనేలోపు

గత జూలైలో ఒక గురువారం ఉదయం అనంతగిరి కాఫీతోటలో ఎజ్రా పదకొండు నిమిషాలు ప్రార్థన చేశాడు. ఎదురుగా పొదల పక్కన పొన్నంగి పిట్ట ఉంది, ఒంటి మీద తొమ్మిది రంగులతో. ఫోటో తీసే ముందు ప్రార్థన చేయకపోతే ఎజ్రాకు కుదరదు. అతనికున్న ఒకే ఒక్క జబ్బు అది.

అతను రిసార్టుకు వచ్చేవారికి పిట్టలు చూపించే గైడు. పేపరుకు రాసే పని మీద మూడేళ్ళుగా అతని వెంట తిరుగుతున్నాను. లకుముకి పిట్ట కనిపిస్తే ప్రార్థన అర నిమిషం. వానాకాలంలో పొన్నంగి కనిపిస్తే మాత్రం కెమెరాతో మొదలుపెట్టి లెన్సు, బ్యాటరీ, కారు డ్రైవరు, డ్రైవరు అత్తగారి మోకాళ్ళ దాకా అన్నిటినీ దీవించమంటాడు. అందరూ కళ్ళు మూసుకోవాలి. ఆమేన్ అనేసరికి పిట్ట ఉండదు.

ఆ గురువారం వచ్చిన సురేంద్రది విశాఖ. పోటీకి పంపడానికి పొన్నంగి ఫోటో కావాలి. జేబులో చిన్న స్పీకరు, అందులో పొన్నంగి కూత. అది మోగితే తన చోటుకు ఇంకో పిట్ట వచ్చిందనుకుని పొన్నంగి కొట్లాటకు వస్తుంది.

"స్పీకరు లోపలెట్టండి సార్. కళ్ళు మూసుకోండి," అన్నాడు ఎజ్రా.

"పిట్ట ఎగిరిపోతుందయ్యా."

"దేవుడు సూసుకుంటాడు."

"కనీసం త్వరగా కానీ."

"బేగి అయిపోద్ది. మీ ఆవిడ పేరేటి సార్?"

సురేంద్ర చెప్పాడు. దాంతో ఆమె అన్నదమ్ములు కూడా ప్రార్థనలోకి వచ్చారు.

ఏడో నిమిషంలో నేను కళ్ళు తెరిచాను. ఎజ్రాకు ఒక కన్ను తెరిచే ఉంది. పొన్నంగి ముక్కున వానపాముతో పొదలోకి దూరింది. కాసేపటికి ఖాళీ ముక్కుతో బయటికొచ్చి లోయలోకి ఎగిరిపోయింది. అప్పుడు ఆమేన్ అన్నాడు.

"పదకొండు నిమిషాలు," అని సురేంద్ర వాచీ చూపించాడు.

తిరుగుదారిలో ఎజ్రాను పక్కకు పిలిచి ఆ తెరిచిన కన్ను గురించి నిలదీశాను.

"నాలుగేళ్ళ కిందట అలాటి స్పీకరే నేనూ ఎట్టాను సార్. వచ్చినాయనకి మంచి ఫోటో రావాలని. తల్లీ తండ్రీ రెండూ గంటసేపు దాంతోనే కొట్లాడినాయి. ఒకటే వాన. గూట్లో ఈకలు రాని పిల్లలు నాలుగు. తడిసి సచ్చిపోనాయి. నేనే పూడ్సాను."

"ఆ మాట వచ్చినవాళ్ళకు చెప్పొచ్చుగా?"

"సెప్పాను. గూడెక్కడుందో సూపించమన్నారు."

సురేంద్ర ఫిర్యాదు రాసిచ్చి వెళ్ళాడు. ఇంకొక్కటి వస్తే పని ఉండదని రిసార్టు మేనేజరు కామేష్ ముందే చెప్పి ఉన్నాడు. సాయంత్రానికి ఎజ్రా టోపీ, బైనాక్యులర్సు అప్పగించాడు. ఇప్పుడు అరకు సంతలో కూరగాయల మూటలు మోస్తున్నాడు.

కామేష్ ఈసారి చర్చి గుమ్మం తొక్కని మనిషిని వెతికాడు. దొరికినవాడు బుధు, యాభై దాటిన కాఫీ రైతు. వారం తర్వాత అతని వెంట నేనూ వెళ్ళాను. అదే పొద, అదే పొన్నంగి. బుధు వచ్చినవాళ్ళ చేత బూట్లు విప్పించి, కళ్ళు మూయించి, చుట్టూ ఉన్న కొండల్ని ఒక్కొక్కటిగా పేరుపెట్టి మొక్కడం మొదలుపెట్టాడు.

"ఎజ్రా నేర్పాడా?" అని తర్వాత అడిగాను.

"ఆడి దేవుడు వేరు బాబూ. మాకు కొండలు సానా ఉన్నాయి."

ఆగస్టులో సంతలో ఎజ్రా కనిపిస్తే చెప్పాను, ఆ పొదలోని గూటిలోంచి నాలుగు పిల్లలూ ఎగిరాయని, బుధు మొక్కు పద్నాలుగు నిమిషాలని. భుజం మీది మూట దించకుండానే లెక్క చూసుకున్నాడు.

"నాకన్నా మూడు ఎక్కువే," అన్నాడు.